లంబసింగి చలికి చేతులు నిలబెట్టుకునే పని: బండి డైరీ

నవంబరు 16, ఆదివారం

తెల్లవారుజామున మూడున్నరకు మద్దిలపాలెంలో బయల్దేరాం, నేనూ మా బావమరిదీ, చెరో బండి మీద. అరకు వెళ్లి చీకటి పడకముందే తిరిగి రావాలని ప్లాను. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా హాయిగానే ఉంది. చేతులకు మామూలు కాటన్ గ్లవ్స్. విశాఖలో చలికాలమంటే రాత్రిళ్లు ఫ్యాను కాస్త తగ్గించుకోవడం. అందుకే ఇక్కడ చలి గ్లవ్స్ అడిగితే షాపువాళ్లు ఎండకు వేసుకునేవి చూపిస్తారు, కొనాలన్న ఆలోచన మనకూ రాదు.

బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతుంటే ముందు వేళ్ల చివర్లు చల్లబడ్డాయి. తర్వాత నొప్పి పుట్టింది. ఆ తర్వాత నొప్పి కూడా పోయింది. పోయింది కదా అని సంతోషించాను, ప్రమాదం అక్కడే ఉందని తెలియలేదు. అనంతగిరికి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక హెయిర్‌పిన్ మలుపులో క్లచ్ నొక్కబోయాను. వేళ్లు లివర్ మీద ఉన్నాయి, చూస్తూనే ఉన్నాను, కానీ మడత పడలేదు. కొంకర్లు పోయాయి. బండి మూడో గేరులోనే కుదుపుతో ఆగిపోయి అరడుగు వెనక్కి జారింది. వెనక లారీ లేదు కాబట్టి సరిపోయింది.

ఇంకాస్త పైన ఒక టీ బడ్డీ కనిపిస్తే ఆగాం. గాజు గ్లాసును రెండు చేతులతో చుట్టి పట్టుకున్నాను. వేడి ఏమాత్రం తెలియలేదు. "బావా, గ్లాసు కాలిపోతోంది, కింద పెట్టు" అని మా వాడు లాక్కున్నాడు. చూస్తే అరచేయి ఎర్రగా కందిపోయింది, నాకు స్పర్శే లేదు. మూడు నాలుగు నిమిషాలకు రక్తం తిరిగి వస్తుంటే మొదలైంది అసలు బాధ. గోళ్ల కింద సూదులు గుచ్చుతున్నట్టు. మాట్లాడలేక నెగడు పక్కన కూర్చుండిపోయాను.

ఈ చలికాలం అయ్యేలోపు లంబసింగి వెళ్లాలి. అంతకంటే ముందు ఈ చేతుల సంగతి తేల్చాలి. ఈ డైరీ అందుకే మొదలుపెట్టాను.

నవంబరు 19

మూడు రోజులుగా దీని గురించే చదువుతున్నాను. కెనడా, అమెరికా వాతావరణ శాఖలు 2001లో తెచ్చిన లెక్క ఒకటి ఉంది. ఉష్ణోగ్రతా గాలి వేగమూ ఇస్తే ఒంటికి ఎంత చలి అనిపిస్తుందో చెబుతుంది. మన ఘాట్ అంకెలు వేసి చూశాను. 10 డిగ్రీల్లో గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలితే 5 డిగ్రీలున్నట్టే. 5 డిగ్రీల్లో అదే వేగమైతే మైనస్ 2. గాలి ఎంత కొట్టినా థర్మామీటరులో అంకె మారదు. మారేది మన ఒంట్లోంచి వేడి పోయే వేగం. చర్మాన్ని అంటిపెట్టుకుని పల్చటి వెచ్చని గాలి పొర ఉంటుంది. బండి మీద అది క్షణం కూడా నిలవదు.

రెండో సంగతి నాకు కొత్త. ఒళ్లు చల్లబడితే గుండె, ఊపిరితిత్తులు ఉన్న నడిమి భాగాన్ని కాపాడుకోవడానికి శరీరం వేళ్లలోని రక్తనాళాలను బిగిస్తుంది. అంటే ఛాతీకి చలేస్తే ఎంత మంచి గ్లవ్స్ వేసినా వేళ్లకు వెచ్చటి రక్తం చేరదు. ఆ రోజు నేను వేసుకున్నది పల్చటి విండ్‌చీటర్, దాని జిప్పు కూడా మెడ దాకా లేదు. వేళ్లను మడిచే కండరాలు చాలావరకు ముంజేతిలోనే ఉంటాయి. అక్కడి నుంచి నరాల్లాంటి తాళ్లు వేళ్ల దాకా వస్తాయి. ముంజేయి చల్లబడితే పట్టు తగ్గుతుంది. క్లచ్ దగ్గర జరిగింది అదే.

మూడోది తడి. సాయంత్రం ఇంట్లో చిన్న పరీక్ష చేశాను. కాటన్ గ్లవ్‌లో వంటింటి థర్మామీటరు దూర్చి టేబుల్ ఫ్యాను ముందు పెట్టాను, గదిలో 27 డిగ్రీలు. పొడి గ్లవ్‌లో 27 దగ్గరే ఉండిపోయింది. తడిపి పెట్టాక పావుగంటలో 23కి దిగింది. ఘాట్‌లో పొగమంచు గ్లవ్స్‌ను ఇలాగే తడిపింది.

నవంబరు 23

ముందు తేలికైన దారులు చూశాను. ఊలు గ్లవ్స్ మీద గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేస్తే గాలి పూర్తిగా ఆగుతుంది. కానీ అరగంటలో లోపల చెమట పట్టి ఊలు తడుస్తుంది. ఒక్క గంట పనికి ఫరవాలేదు. ఒకదాని మీద ఒకటి రెండు జతలు బిగుతుగా వేస్తే ఇంకా నష్టం, వేళ్లు నొక్కుకుపోయి రక్తమే ఆడదు. ఒక అంగుళం చివర వదులుండాలి అనుకునేవాణ్ని. అంత అక్కర్లేదు, పిడికిలి బిగిస్తే వేలి కొసలు గుడ్డకు గట్టిగా ఆనకపోతే చాలు.

వెచ్చదనం ఇచ్చే చిన్న పొట్లాలు ఆన్‌లైన్లో తెప్పించాను. లోపల ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి ఉంటాయి. గాలి తగలగానే ఇనుము తుప్పు పట్టడం మొదలై వేడి పుడుతుంది. గాలి చొరని గ్లవ్‌లో పెడితే ఆక్సిజన్ అందక చల్లారిపోతాయి. మణికట్టు లోపలి వైపు, నాడి చూసే చోట పెట్టుకుంటే మేలు. కానీ వాడి పారేసేవి, ప్రతి ప్రయాణానికీ కొనాలి. అత్యవసరానికి రెండు బ్యాగులో ఉంచుకున్నాను.

అసలు పని హ్యాండిల్ మఫ్స్ మీదే అని నిర్ణయించుకున్నాను. హ్యాండిల్ చివర్లకు తొడిగే పెద్ద సంచుల్లాంటివి. పల్చటి గ్లవ్స్‌తోనే చేతులు లోపల పెట్టి నడపొచ్చు, గాలీ మంచూ బయటే ఆగుతాయి.

నవంబరు 30

పాత పేపర్లతో నమూనా కత్తిరించి, హ్యాండిల్‌కు చుట్టి, సెల్లో టేపు వేసి, మళ్లీ కత్తిరించి... నాలుగోసారికి కుదిరింది. లివర్, స్విచ్చుల డబ్బా, బ్రేక్ ఆయిల్ డబ్బా, అద్దం కాడ అన్నీ లోపల ఇమడాలి. చేయి పెట్టే నోరు మాత్రం వెడల్పుగా ఉండాలి. బండి జారితే చెయ్యి ఎక్కడా చిక్కుకోకుండా బయటికి రావాలి. ఇది రాజీపడే విషయం కాదు.

పూర్ణా మార్కెట్ వైపు సీటు కవర్లు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. పేపరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి బాబూ ఇది, ఏనుగు చెవుల్లాగుంది?"

ఎందుకో చెప్పాను. లంబసింగి అనగానే తలూపాడు. "మా చెల్లి కోడలిది చింతపల్లి. అక్కడ పొద్దున్నే నీళ్లు ముట్టుకోలేం. సరే గానీ కుట్టు బయటికి పెట్టొద్దు. కుట్టు కన్నాల్లోంచే మంచు దిగుతాది. లోపలికి మడిచి కుడతాను, పైన ఒక పట్టీ వేస్తాను."

నాకు తట్టని సంగతి అది. బయట రెక్సిన్, మధ్యలో పాత యోగా మ్యాట్ కోసిన ఫోము, లోపల ఫ్లీస్ గుడ్డ. కూలీతో కలిపి ఆరువందల యాభై రూపాయలు. సాయంత్రానికి చేతికిచ్చాడు. ఫోము మందం వల్ల మూలల దగ్గర సూది రెండుసార్లు విరిగిందట. ఆ సూదుల డబ్బులు అడగలేదు, నేనే ఇచ్చాను.

డిసెంబరు 3

విశాఖలో చలి దొరకదు, గాలి మాత్రం కావలసినంత. చలి లేకపోయినా గాలి ఆగుతోందో లేదో చూడొచ్చు కదా. మఫ్ లోపల గ్రిప్ పక్కన రెండు అంగుళాల ఊలు దారం ముక్క అంటించి, ఫోను కెమెరా మఫ్ నోటి దగ్గర కట్టి, పొద్దున్నే బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్లాను. ఇంటికొచ్చి వీడియో చూస్తే 40 వేగం దగ్గర దారం వేలాడుతూ ఉంది. 55 దాటగానే వెనక్కి లేచి కొట్టుకుంటోంది. అంటే ఎక్కడో గాలి దూరుతోంది. వెతికితే అద్దం కాడ దూరే కన్నం. సైకిల్ ట్యూబు ముక్కను గుండ్రంగా కోసి వాషరులా తొడిగాను. మర్నాడు 60లో కూడా దారం కదల్లేదు.

ఇంతకంటే పెద్ద లోపం మా బావమరిది పట్టుకున్నాడు. వెనక వస్తూ ఫోన్ చేశాడు: "బావా, నువ్వు బ్రేకు వెయ్యట్లేదు కదా? లైటు వెలుగుతూనే ఉంది." గాలి ఒత్తిడికి మఫ్ ముందు భాగం లోపలికి ముడుచుకుని బ్రేక్ లివర్‌ను నొక్కుతోంది. క్లచ్ వైపు కూడా అంతే. అలాగే ఘాట్ ఎక్కి ఉంటే క్లచ్ ప్లేట్లు కాలిపోయేవి, ముందు బ్రేకు వేడెక్కిపోయేది. ఇలాంటివి కుట్టించుకునేవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే.

అల్యూమినియం పట్టీని లివర్‌కు రెండు అంగుళాల ముందుండేలా విల్లులా వంచి, ఒక కొస అద్దం నట్టు కిందా, రెండోది హ్యాండిల్ చివరి బరువు స్క్రూ కిందా బిగించాను. మఫ్ ఇప్పుడు గుడారంలా దాని మీద నిలబడుతోంది. వంద దాకా వెళ్లి చూశాం, లైటు వెలగలేదు.

రోజూ రాత్రి ఆగి ఉన్న బండి మీద కూర్చుని కళ్లు మూసుకుని ఇండికేటర్, హారన్, డిప్పర్ వెతకడం ప్రాక్టీసు చేస్తున్నాను. మఫ్ వేశాక స్విచ్చులు కనిపించవు, వేళ్లకే తెలియాలి.

డిసెంబరు 7, ఆదివారం

చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు, అక్కడి నుంచి వంజంగి. మాడుగులలో హల్వా షాపులు ఇంకా తెరవలేదు, తిరుగు ప్రయాణంలో కొన్నాం. పాడేరు దగ్గర బయట 11 డిగ్రీలు, మఫ్ లోపల 17. ఆ ఆరు డిగ్రీలూ నా చేతుల వేడే, బయటికి పోకుండా నిలిచింది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. గంటన్నర పాటు వేళ్లు బాగానే ఆడాయి.

ఆ తర్వాత చూపుడు వేలూ మధ్య వేలూ మళ్లీ మొద్దుబారాయి. మిగతా వేళ్లు బాగున్నాయి. కారణం లివర్. క్లచ్ మీదా బ్రేకు మీదా ఎప్పుడూ రెండు వేళ్లు ఆనించి ఉంచుతాను. బయటికి పొడుచుకొచ్చిన అల్యూమినియం ఆ రెండు వేళ్ల వేడిని తాగేస్తోంది. ఇంటికొచ్చాక సైకిల్ ట్యూబును లివర్ పొడవునా తొడిగాను. సబ్బు నీళ్లు రాస్తే జారుతూ ఎక్కుతుంది, ఆరాక కదలదు.

డిసెంబరు 14

వంజంగిలో కుదిరినంత మాత్రాన లంబసింగిలో కుదురుతుందని లేదు. చింతపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్ల ఉష్ణోగ్రతలు పేపర్లో చూస్తున్నాను, తగ్గుతూ వస్తున్నాయి. కాబట్టి గ్రిప్‌లకు వేడి కూడా పెడుతున్నాను.

ముందు లెక్క. ఒక్కో గ్రిప్‌కు 15 వాట్లు. 12 వోల్టులకు 9.6 ఓమ్‌ల హీటర్ తీగ కావాలి. మల్టీమీటరుతో కొలుస్తూ కత్తిరించాను. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు వస్తోంది, కాబట్టి రెండూ కలిపి దాదాపు 38 వాట్లు, 2.8 ఆంపియర్లు. ఇంకో హాలోజన్ హెడ్‌లైటు వెలిగించినంత భారం. నా 150 సీసీ బండి మోస్తుందా? పరుగులో మోస్తుంది. ఐడ్లింగులో హీటర్లు వేస్తే వోల్టేజి 12.3కి పడిపోతోంది. అందుకని టీ తాగడానికి ఆగినప్పుడు ఆపెయ్యాలి, లేకపోతే ఘాట్ మధ్యలో సెల్ఫ్ పనిచేయదు.

బ్యాటరీ నుంచి 5 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత రిలే, అంటే చిన్న కరెంటు సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. రిలేకు సంకేతం వెనక లైటు తీగ నుంచి. తాళం తీస్తే హీటర్ కూడా ఆగిపోతుంది. రెండు వరసల స్విచ్చు పెట్టాను. హై మీద రెండు గ్రిప్‌లూ పక్కపక్కన కలుస్తాయి, లో మీద ఒకదాని తర్వాత ఒకటిగా. లో మీద ఒక్కోదానికి సగం వోల్టేజే వస్తుంది కాబట్టి వేడి నాలుగో వంతు. ఖరీదైన కంట్రోలర్ అక్కర్లేదు.

మొదటిసారి తాళం తిప్పగానే ఫ్యూజు ఎగిరింది. విప్పి చూస్తే ఎక్సలేటర్ వైపు తీగ రెండు పెంకుల మధ్య నలిగింది. ఎక్సలేటర్ తిరిగేది కదా, తీగకు ఒక మెలిక వదులు ఇవ్వాలి. ఫ్యూజు లేకపోతే ట్యాంకు కింద తీగలు కాలిపోయేవి. పదిరూపాయల వస్తువు. ఇంకోటి, తీగ చుట్టాక గ్రిప్ లావెక్కి ఎక్సలేటర్ వదిలితే నెమ్మదిగా వెనక్కి వస్తోంది. అది ఠక్కున రావాలి. రబ్బరు అంచు రెండు మిల్లీమీటర్లు కోశాక వచ్చింది.

పది నిమిషాలు ఆన్‌లో ఉంచి కొలిస్తే కుడి గ్రిప్ 41, ఎడమది 33. రెండు తీగలూ ఒకే కొలత, మళ్లీ కొలిచాను, 9.6 ఓమ్‌లే. ఒక పూట బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మద్దిలపాలెంలో మా మెకానిక్ అన్న చెయ్యి పెట్టి చూసి, "ఎడమ పక్క ఇనుప రాడ్డు తాగేస్తోంది తమ్ముడూ" అన్నాడు. నిజమే. కుడి వైపు ఎక్సలేటర్ ప్లాస్టిక్ గొట్టం మీద తీగ ఉంది, ఎడమ వైపు నేరుగా హ్యాండిల్ రాడ్డు మీద. వేడి సగం రాడ్డులోకి పోతోంది. తీగ విప్పి, రాడ్డుకు రెండు పొరల హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడిగి, మళ్లీ చుట్టాను. ఇప్పుడు 39.

డిసెంబరు 21, ఆదివారం

లంబసింగి.

రాత్రి రెండింటికి బయల్దేరాం. అనకాపల్లి, తాళ్లపాలెం, నర్సీపట్నం. డౌనూరు దాటి ఘాట్ ఎక్కాక చలి మారింది. సముద్రానికి వెయ్యి మీటర్ల ఎత్తు అంటే మామూలు లెక్క ప్రకారం ఆరేడు డిగ్రీలే తగ్గాలి. కానీ మబ్బు లేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోయి, బరువైన చల్లటి గాలి కొండల మధ్య పల్లంలోకి దిగి నిలిచిపోతుంది. ఈ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది, ఆరుబయట పడుకుంటే కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని. తెల్లవారుజామున ఐదుంపావుకు నా బండి మీద థర్మామీటరులో 6 డిగ్రీలు.

అక్కడే అసలు పరీక్ష చేశాను. ఊరి ముందు ఆగి ఎడమ మఫ్ విప్పేశాను, కుడిది ఉంచాను. హీటర్ హై మీద పెట్టి తాజంగి వైపు పది కిలోమీటర్లు, 50 వేగంతో. ఎడమ అరచేతికి కాపడం పెట్టినట్టు వేడి. చెయ్యి వెనక వైపు, గోళ్ల మీద మాత్రం మంచు. మూడు కిలోమీటర్లకే చిటికెన వేలు పోయింది, ఎనిమిదో కిలోమీటరుకు ఉంగరం వేలు. అరచేయి చుర్రుమంటూ ఉండగానే వేళ్లు మొద్దుబారడం విచిత్రంగా ఉంటుంది. కుడి చేయి మఫ్‌లో హాయిగా ఉంది.

మఫ్ మళ్లీ తొడిగి, హీటర్‌ను లో మీదికి మార్చి వెనక్కి వచ్చాం. పది వాట్లు కూడా లేని వేడి, రెండు చేతులకూ సరిపోయింది. మఫ్‌లో 24 డిగ్రీలు చూపించింది. గాలిని ఆపకుండా 38 వాట్లు పోసినా చిల్లికుండే. గాలిని ఆపాక దానిలో నాలుగో వంతు చాలు. ముందే ఈ పరీక్ష చేసి ఉంటే హీటర్ తీగను ఇంకా సన్నగా వేసేవాణ్ని.

ఈసారి ఛాతీని కూడా మర్చిపోలేదు. చొక్కాకూ జాకెట్టుకూ మధ్య రెండు దినపత్రికలు మడిచి పెట్టుకున్నాను, మెడకు మఫ్లరు, జాకెట్ చేతుల మీదుగా మోచేతి దాకా ఊలు తొడుగులు. మా బావమరిది పేపర్లు వద్దన్నాడు. చింతపల్లి రోడ్డులో ఆగి వాడే అడిగి తీసుకున్నాడు.

జనవరి 4

ఆ రోజు లంబసింగి టీ బడ్డీ దగ్గర ఒక మాస్టారు మా బండి చుట్టూ తిరిగి చూశారు. పాడేరు వైపు ఒక కొండ ఊళ్లో బడి, రోజూ పొద్దున్న పద్దెనిమిది కిలోమీటర్లు స్కూటీ మీద వెళ్తారట. "మేము పాలిథిన్ కవర్లు చుట్టుకుంటామండీ" అన్నారు. చేతులు చూపించారు, వేళ్ల కణుపుల మీద చర్మం పగిలి ఉంది. మేము ఏడాదికి నాలుగుసార్లు సరదాగా వెళ్లే చలిలోకి ఆయన రోజూ పనికి వెళ్తున్నారు.

ఆయన స్కూటీ హ్యాండిల్ కొలతలు వాట్సాప్‌లో పంపారు. హీటర్ వద్దు, ఆ బండి మోయదు, ఆ దూరానికి అవసరమూ లేదు. మఫ్, లోపల పట్టీ, లివర్లకు సైకిల్ ట్యూబు చాలు. స్కూటీకి అద్దం కాడ కొంచెం లోపలికి ఉంది కాబట్టి పేపరు నమూనా మళ్లీ గీశాను. నిన్న పూర్ణా మార్కెట్ పెద్దాయనకు ఇచ్చాను. ఈసారి ఫోము పల్చగా వెయ్యమన్నాడు, మూలల్లో సూది విరగదట. బుధవారానికి ఇస్తానన్నాడు. ఆదివారం పాడేరు బస్సుకు పార్సిల్ వెయ్యాలి. అల్యూమినియం పట్టీ మాత్రం ఇక్కడే వంచి పంపిస్తాను, ఆయన రెండు నట్లు బిగించుకుంటే చాలు.